పనస దుంగ వీణగా మారే తీరు

బొబ్బిలి వీణ తయారీలో పనిముట్లు, పద్ధతులు. కొనేవారు గమనించవలసిన అంశాలు

బొబ్బిలి: బొబ్బిలి పేరు చెప్పగానే 1757 జనవరి 24న జరిగిన యుద్ధం, తాండ్ర పాపారాయుడి పౌరుషం గుర్తుకు వస్తాయి. ఆ తర్వాత అంతే ప్రఖ్యాతి ఇక్కడి వీణది. విజయనగరం జిల్లా బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరు గల కుటుంబాలు తరతరాలుగా ఈ వాద్యాన్ని తీర్చిదిద్దుతున్నాయి. పనస చెట్టు మొదలు నుంచి కోసిన దుంగను చేతి పనిముట్లతో తొలిచి, చెక్కి, తీగలు కట్టి స్వరం పలికించే వరకు సాగే ఈ పనిలో వడ్రంగం, శిల్పం, సంగీతం మూడూ కలిసి ఉంటాయి.

చూపరుల కన్ను సాధారణంగా వీణపై ఉన్న నగిషీ మీద, సింహముఖం మీద నిలుస్తుంది. వాద్యం విలువను తేల్చేవి మాత్రం కంటికి అంతగా కనిపించని రెండు పనులు. ఒకటి కుండ లోపలి తొలుపు. రెండోది మెట్ల అమరిక. ఈ రెండూ కొలబద్ద కంటే ఎక్కువగా చెవితో చేసే పనులు. నగిషీ ఎంత గొప్పగా ఉన్నా ఈ రెంటిలో లోపముంటే అది గోడకు అలంకారమే గాని విద్వాంసుడి ఒడిలో నిలవదు.

సంస్థానాల ఆదరణ

నేడు వాడుకలో ఉన్న సరస్వతీ వీణకు 24 మెట్లు స్థిరంగా అమర్చే పద్ధతి 17వ శతాబ్దపు తంజావూరు నాయకరాజుల కాలంలో రూపుదిద్దుకుందని సంగీత చరిత్రకారులు చెబుతారు. తెలుగులో కావ్యరచన చేసిన రఘునాథ నాయకుడి పేరిట ఈ అమరికకు రఘునాథ మేళ వీణ అన్న పేరు కూడా వచ్చింది. అంతకుముందు రాగాన్ని బట్టి మెట్లను జరుపుకోవలసి వచ్చేది. పన్నెండు స్వరస్థానాలు రెండు స్థాయిలలో స్థిరపడడంతో ఒకే వీణపై ఏ రాగమైనా పలికించే వీలు కలిగింది.

బొబ్బిలిలో వీణల తయారీ కూడా 17వ శతాబ్దంలోనే, సంస్థాన స్థాపకుడు పెదరాయుడి కాలంలో మొదలైందని సంప్రదాయ కథనం. రాజాస్థానాల ఆదరణ ఈ కళకు అండగా నిలిచింది. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల ఏర్పడడంతో ఉత్తరాంధ్రలో శాస్త్రీయ సంగీత బోధనకు స్థిరమైన కేంద్రం లభించింది. తర్వాతి కాలంలో ఈమని శంకరశాస్త్రి (1922-1987), ఆయన శిష్యుడు చిట్టిబాబు (1936-1996) వంటి విద్వాంసులు ఆంధ్రుల వీణావాదనకు దేశవిదేశాలలో పేరు తెచ్చారు. తంజావూరు, మైసూరు, నూజివీడు వీణలకూ వాటి వాటి ప్రత్యేకతలు ఉన్నాయి. వాటి సరసన ఏకాండి పనితనంతో బొబ్బిలి వీణ తన స్థానం నిలుపుకొంది.

వీణ అంగాలు

తయారీ విధానం తెలియాలంటే ముందు భాగాల పేర్లు తెలియాలి. వాదకుడి కుడిచేతి వైపు గుండ్రంగా ఉండే పెద్ద భాగం కుండ. నాదానికి పుట్టినిల్లు ఇదే. దాని నోటిని మూసే పలుచని చెక్క పలక. కుండ నుంచి ఎడమకు సాగే పొడవైన బోలు భాగం దండి. దాని చివర కిందికి వంగి ఉండేది యాళి, అనగా సింహముఖం. యాళికి దగ్గరగా దండి కింద అమర్చేది బుర్ర. ఒకప్పుడు ఎండిన సొరకాయ బుర్రనే వాడేవారు. ఇప్పుడు లోహంతోనో కాగితపు గుజ్జుతోనో చేసినవీ వాడుతున్నారు. బుర్ర వాదకుడి తొడపై ఆని వీణకు ఆధారమవుతుంది.

పలక మీద తీగలను మోసేది గుర్రం. దండి మొదట తీగలు ఆనే చిన్న గట్టు మేరువు. తీగలను బిగించేవి బిరడలు. కుండ అంచున తీగల రెండో కొసను పట్టి ఉంచేది నాగపాశం. దానికీ తీగకూ నడుమ ఉండే లంగర్లతో శ్రుతిని సూక్ష్మంగా సరిచేసుకుంటారు. దండిపై వాయించే తీగలు నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పక్కన తాళానికి మీటే తీగలు మూడు. మొత్తం ఏడు తీగలు.

కుండ, దండి, యాళి మూడింటినీ ఒకే దుంగ నుంచి చెక్కితే దానిని ఏకాండి వీణ అంటారు. బొబ్బిలి వీణకు ప్రత్యేకత తెచ్చినది ఈ పద్ధతే. వేర్వేరుగా చేసి అతికిన వీణలలో అతుకుల వద్ద తేమ మార్పులకు పగుళ్లు రావచ్చు. ఏకాండిలో ఆ బెడద తక్కువ. కంపనం కూడా ఒకే చెక్కలో ఆటంకం లేకుండా సాగుతుందని వాదకుల అభిప్రాయం. అయితే ఇందుకు నాలుగు అడుగులకు తగ్గని నిడివి, అడుగుకు పైగా వ్యాసం కలిగి, ముడులు, పగుళ్లు లేని దుంగ కావాలి. కుండ వెడల్పును బట్టి దుంగను ఎంచుకోవాలి గనుక సన్నని దండి పక్కనున్న చెక్కలో అధిక భాగం తొలగించవలసినదే.

పనసే ఎందుకు?

పనస కలపకు వీణ తయారీలో ఇంత ప్రాధాన్యం రావడానికి కారణాలున్నాయి. ఈ చేవ చెదపురుగులను తట్టుకుంటుంది. మరీ బరువు కాదు, మరీ మెత్తన కాదు. ఉలికి లొంగుతుంది, అంచు విరగకుండా నగిషీని నిలుపుకొంటుంది. బాగా ఆరిన తర్వాత ఆకారం మారడం తక్కువ. కొత్తగా కోసినప్పుడు పసుపు రంగులో ఉండి కాలం గడిచేకొద్దీ ఎరుపు కలిసిన గోధుమ రంగుకు తిరుగుతుంది.

చేవనే వాడాలి. బెరడుకు ఆనుకుని ఉండే పాలిపోయిన పొర పురుగుకు త్వరగా లోబడుతుంది. లేత చెట్టులో చేవ తక్కువ కాబట్టి ముదురు మానునే ఎంచుకుంటారు. దుంగను చేతితో తట్టి చూడడం తొలి పరీక్ష. బొద్దుగా, చచ్చుగా మోగితే లోపల కుళ్లు గాని, పగులు గాని ఉన్నట్టే.

ఆరబెట్టడంలో తొందర పనికిరాదు. కలప ఆరేటప్పుడు అన్ని దిశలలో ఒకే విధంగా కుంచించుకోదు. వలయాల వెంబడి ఎక్కువగా, నడిబొడ్డు నుంచి బెరడు వైపుకు తక్కువగా కుదించుకుంటుంది. అందువల్లనే నిండు దుంగ ఎండలో పడేస్తే నడిమి నుంచి చీలిపోతుంది. నీడలో, గాలి తగిలే చోట నెమ్మదిగా ఆరనివ్వాలి. స్థూలంగా తొలిచిన చెక్క నిండు దుంగ కంటే సమానంగా ఆరుతుంది.

పనిముట్లు

వీణల పనివారి సరంజామా మామూలు వడ్రంగి సంచికి ఎంతో భిన్నం కాదు. దుంగను కోయడానికి రంపం, పైపైన చెక్కడానికి బాడిస, తొలవడానికి వెడల్పు ఉలి, అంచు వంపు తిరిగిన ఉలి, నగిషీకి సన్నని ఉలులు, కొట్టడానికి సుత్తి, నునుపు చేయడానికి చిత్రిక, ఆకురాయి, రంధ్రాలకు బరమా, గుండ్రని గీతలకు కంపాసు ఉంటాయి. చివరి నునుపుకు ఉప్పు కాగితం వాడతారు. మేళం కట్టే వేళకు పొయ్యి, మైనపు గిన్నె, కాచిన ఇనుప కడ్డీ తోడవుతాయి.

వీటిలో అంచు వంపు తిరిగిన ఉలి మీదే ఎక్కువ భారం పడుతుంది. సాదా ఉలితో కుండ లోపలి వంపును తొలిస్తే దాని మూలలు చెక్కలోకి దిగబడి గాట్లు పడతాయి. ప్రతి గాటూ గోడను అక్కడ పలుచన చేస్తుంది. పదును తగ్గిన ఉలి చెక్కను కోయదు, చీలుస్తుంది. అందుకే పని మధ్యలో సానరాయి వద్దకు పలుమార్లు వెళ్లక తప్పదు.

తొలుపులోనే నాదం

దుంగపై కుండ, దండి, యాళి ఆకారాలను గీసుకున్న తర్వాత బాడిసతో పనికిరాని చెక్కను తొలగిస్తారు. బయటి రూపు తేలాక లోపలి తొలుపు మొదలవుతుంది. కుండను గిన్నెలా, దండిని కాలువలా తొలుస్తారు. దండి బోలుగా ఉండడం వల్ల బరువు తగ్గుతుంది. ఆ కాలువను పైనుంచి వేరే చెక్కతో మూస్తారు.

గిటారు తయారీతో పోల్చి చూస్తే ఈ పని స్వభావం స్పష్టమవుతుంది. గిటారు పక్కభాగాలను రెండు, మూడు మిల్లీమీటర్ల పలుచని చెక్కలుగా కోసి, తడిపి, వేడి గొట్టానికి ఆనించి వంచుతారు. ఆ పైన అన్నింటినీ అతికి పెట్టెగా కూరుస్తారు. ఒక భాగం చెడితే మరొకటి చేసుకోవచ్చు. ఏకాండి వీణలో కలపడం లేదు, తీసివేయడమే ఉంది. కుండ గోడ ఒక్కచోట తెగితే మొత్తం దుంగ వ్యర్థమైనట్టే.

గోడ మందంగా మిగిలితే చెక్క కదలదు, నాదం మూగబోతుంది. మరీ పలుచనైతే తీగల లాగుడుకు తట్టుకోలేక కాలక్రమంలో వంగుతుంది. ఎక్కడ ఆపాలన్నదే నైపుణ్యం. తొలుస్తూనే వేలి కణుపుతో గోడను తట్టి చూస్తారు. చెక్క పలుచనయ్యేకొద్దీ మోత మారుతుంది. చుట్టూరా ఒకే తీరున మోగే వరకు అక్కడక్కడ గీరుతూ పోతారు. ప్రతి దుంగ గట్టితనం వేరు గనుక ఒక వీణకు కుదిరిన మందం మరో వీణకు కుదురుతుందన్న నమ్మకం లేదు.

పలక, గుర్రం

కుండ నోటిని మూసే పలకనూ పనస చెక్కతోనే చేస్తారు. దానిపై రెండు వైపులా గుండ్రంగా చిన్న చిన్న రంధ్రాల పూలు వేస్తారు. తీగల బరువంతా గుర్రం ద్వారా పలక మీదే పడుతుంది. తీగ కంపనం గాలిలోకి చేరేదీ ప్రధానంగా ఈ పలక వల్లనే. కాబట్టి కుండ గోడకు చెప్పిన మాటే దీనికీ వర్తిస్తుంది.

గుర్రం చెక్కదే అయినా పైభాగాన లోహపు రేకు ఉంటుంది. ఆ రేకు బల్లపరుపుగా ఉండదు, స్వల్పంగా వంపు తిరిగి ఉంటుంది. మీటిన తీగ ఆ వంపును తాకీ తాకకుండా కదలడం వల్ల వీణకు ప్రత్యేకమైన ఝంకారం వస్తుంది. విశాఖపట్నంలో బాల్యం గడిపిన శాస్త్రవేత్త సి.వి.రామన్ 1921లో ప్రచురించిన పరిశోధనలో దీనినే వివరించారు. తీగను ఒక నిర్ణీత బిందువు వద్ద మీటితే ఆ బిందువు వద్ద నిశ్చలంగా ఉండే అనుస్వరాలు, అంటే ప్రధాన స్వరంతో పాటు పలికే పై స్వరాలు, వినిపించకూడదన్నది భౌతికశాస్త్ర నియమం. వీణ, తంబురాలలో అవి కూడా స్పష్టంగా వినిపిస్తాయని, అందుకు గుర్రపు వంపే కారణమని ఆయన గుర్తించారు.

పనివారు ఈ వంపును ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీస్తూ తీగ మీటి వింటారు. వంపు సరిగా కుదరకపోతే నాదం చెడుతుంది. తాళపు తీగలకు పక్కన వంపు తిరిగిన చిన్న లోహపు గుర్రం ఉంటుంది. దానినీ ఇదే విధంగా సరిచేయాలి.

మేళం కట్టడం

తయారీలో అతి కీలకమైన ఘట్టం మేళం కట్టడం, అంటే 24 మెట్లను వాటి స్థానాలలో నిలపడం. తేనెమైనాన్ని కరిగించి బొగ్గుపొడి కలుపుతారు. గట్టిదనానికి గుగ్గిలం చేర్చడమూ ఉంది. ఈ నల్లని మిశ్రమంతో దండి పొడవునా రెండు వైపులా గట్లు పోస్తారు. ఇత్తడి లేదా కంచు మెట్లను ఆ గట్లపై అడ్డంగా అమర్చుతారు.

మెట్ల దూరాలకు లెక్క ఉంది. మేరువు నుంచి గుర్రం వరకు తీగ పొడవు 32 అంగుళాలు అనుకుంటే, 12వ మెట్టు సరిగ్గా సగంలో, అంటే 16 అంగుళాల వద్ద వస్తుంది. అక్కడ పై షడ్జమం పలుకుతుంది. 24వ మెట్టు గుర్రానికి 8 అంగుళాల దూరంలో నిలుస్తుంది. మొదటి మెట్టు మేరువుకు దాదాపు 1.8 అంగుళాల దూరంలో ఉంటే, 23, 24 మెట్ల నడుమ అర అంగుళం కూడా ఉండదు. కుండ వైపు వెళ్లేకొద్దీ మెట్లు దగ్గరవుతాయి. అక్కడ వెంట్రుకవాసి తేడా కూడా చెవికి తెలుస్తుంది.

లెక్క ఒక్కటే చాలదు. తీగను మెట్టుపై నొక్కినప్పుడు అది కాస్త సాగి స్వరం పైకి జరుగుతుంది. అందువల్ల మెట్టును లెక్క చెప్పిన చోటు కంటే కొంచెం మేరువు వైపు ఉంచాలి. ఎంత అన్నది తీగ మందం మీద, గట్టు ఎత్తు మీద ఆధారపడుతుంది. అది చెవి నిర్ణయించాల్సిందే. సారణి తీగను షడ్జమానికి శ్రుతి చేసి, 7వ మెట్టున పంచమం, 12వ మెట్టున పై షడ్జమం సరిచూస్తారు. పంచమ తీగను 5వ మెట్టు వద్ద నొక్కితే వచ్చే స్వరం సారణి విడిగా పలికే షడ్జమంతో ఏకం కావాలి. తేడా ఉంటే మైనాన్ని వేడి కడ్డీతో మెత్తబరచి మెట్టును జరుపుతారు.

మెట్ల ఎత్తు కూడా సమంగా ఉండాలి. వీణలో ఒకే మెట్టుపై తీగను పక్కకు లాగి పై స్వరాలను పలికిస్తారు. గమకానికి ప్రాణం అదే. ఒక మెట్టు పక్కదాని కంటే ఎత్తుగా ఉంటే లాగిన తీగ దానికి తగిలి చిరచిరలాడుతుంది. గిటారులో మెట్లను కొలతల ప్రకారం గాడులలో దిగగొట్టి శాశ్వతం చేస్తారు. వీణ మేళం అలా కాదు. ఎండకు మైనం మెత్తబడుతుంది, వాయించేకొద్దీ ఉక్కు తీగ మెట్టును అరగదీస్తుంది. అందుచేత కొన్నేళ్లకొకసారి మేళం మళ్లీ కట్టించుకోవాలి. వీణ ఎక్కడ కొన్నా మేళం కట్టేవారు అందుబాటులో లేకపోతే అది క్రమేణా మూలపడుతుంది.

ఆట వీణలు, అసలు వీణలు

బొబ్బిలి పేరు నేడు ఎక్కువ ఇళ్లకు చేరుతున్నది చిన్న వీణల రూపంలో. సన్మానాలలో బహూకరించడానికి, ఇంటి అలంకరణకు అనువైన ఈ బొమ్మ వీణలు లేపాక్షి విక్రయశాలలలో దొరుకుతాయి. చిన్న చెక్కముక్కలు చాలు. పని త్వరగా ముగుస్తుంది, సొమ్ము త్వరగా చేతికి వస్తుంది. పెద్ద వీణకు దుంగ కొనుగోలు మొదలు మేళం వరకు పెట్టుబడి ముందుగా పెట్టి, కొనేవారి కోసం వేచి ఉండాలి. కాబట్టి పనివారు చిన్న వీణల వైపు మొగ్గడంలో ఆశ్చర్యం లేదు.

అయితే బొమ్మ వీణకు లోపలి తొలుపు పరీక్ష లేదు, మేళం లేదు. నగిషీ పని మాత్రమే దానికి చాలు. అదొక్కటే నేర్చిన యువకుడికి చేతిపని వస్తుంది గాని చెవిపని రాదు. రెండు తరాలు ఇలా గడిస్తే వీణ ఆకారం నిలిచినా వీణ పలికించే విద్య జారిపోయే ప్రమాదం ఉంది.

భౌగోళిక గుర్తింపుల చట్టం, 1999 కింద బొబ్బిలి వీణ నమోదైంది. ఇతర ప్రాంతాలలో చేసిన వాద్యాన్ని ఈ పేరుతో అమ్మకుండా ఈ నమోదు రక్షణ ఇస్తుంది. నమోదును పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఆ గుర్తింపును చట్టబద్ధంగా వాడుకోవాలంటే తయారీదారులు కూడా అధీకృత వినియోగదారులుగా పేరు నమోదు చేసుకోవాలి. చట్టం పేరును కాపాడుతుంది. నాదాన్ని కాపాడవలసింది పనివారి చెవి, కొనేవారి వివేకం.

కొనేవారికి సూచనలు

- ఏకాండి అని చెప్పినప్పుడు కుండ, దండి కలిసే చోట, దండి, యాళి కలిసే చోట వెలుతురులో పరిశీలించాలి. చెక్క చార లేక పోగు ఒకవైపు నుంచి మరోవైపుకు తెగకుండా సాగాలి. నగిషీ పట్టీ అతుకును కప్పి ఉండవచ్చు.
- కుండను నాలుగు వైపులా వేలితో తట్టి వినాలి. ఒక్కచోట మోత చచ్చుగా ఉంటే కారణం అడగాలి.
- ప్రతి వాయించే తీగపైనా 12వ మెట్టు, 24వ మెట్టు విడి తీగతో సరిపోతున్నదీ లేనిదీ చూడాలి. 24 మెట్లపైనా తీగ చిరచిరలాడకుండా పలకాలి.
- తీగను పక్కకు బాగా లాగి వదలాలి. మెట్టు కదిలితే మైనం పట్టు చాలనట్టే.
- బిరడలు జారకుండా, బిగుసుకుపోకుండా తిరగాలి. కొద్దిగా జారితే సుద్దపొడి రాస్తే సరిపోతుంది. రంధ్రమే అరిగి ఉంటే బిరడ మార్చాలి.
- స్వయంగా పరీక్షించడం రానివారు వాయించడం తెలిసినవారిని వెంట తీసుకువెళ్లడం మేలు.
- పాత వీణలపై ఏనుగు దంతపు పనితనం కనిపించవచ్చు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దంతపు వ్యాపారం నిషిద్ధం. అలాంటి వీణ కొనే ముందు, అమ్మే ముందు అటవీ అధికారులను సంప్రదించాలి.
- ఇంటికి తెచ్చాక ఎండ తగిలే కిటికీ పక్కన, ఎండలో నిలిపిన వాహనంలో వీణను ఉంచరాదు. మైనం కరిగి మేళం చెదురుతుంది.

ముందున్న అవసరం

పనస మాను కలపకు పనికివచ్చేంత ముదరాలంటే దశాబ్దాలు పడుతుంది. నేడు కొట్టిన చెట్టుకు బదులు నేడే మొక్క నాటితే ఫలితం తర్వాతి తరానికి దక్కుతుంది. ఉత్తరాంధ్రలో ఇళ్ల వద్ద, తోటలలో పనస పెంపకం అలవాటు ఉన్నదే గనుక ఇది అసాధ్యం కాదు. కాయ కోసం పెంచే చెట్టు మొదలును నిటారుగా, ముడులు లేకుండా పెరగనిస్తే అదే ఒకనాటికి వీణ దుంగ అవుతుంది.

ఇక చెవి పెంపకం. తొలుపు, మేళం నేర్చుకునే యువకులకు కనీస స్వరజ్ఞానం నేర్పాలి. సంగీత కళాశాల విద్యార్థులకు తమ వాద్యం మేళాన్ని తామే సరిచూసుకోవడం తెలియాలి. పనివాడికి పాడడం, పాడేవాడికి పని కొంతకొంత తెలిసినప్పుడే గొల్లపల్లి ఉలి చప్పుడు వెనుక తీగ నాదం కూడా వినిపిస్తుంది.